‘అవసరం’ ఎవరిది? మార్కులు కోసేముందు ఒక మాట



ఉగాది పోటీల్లో ‘తమిళ తెలుగు’, ‘కన్నడ తెలుగు’ మాట్లాడే పిల్లలకు మార్కులు తగ్గించాలని మన గ్రూపులో ప్రతిపాదన వచ్చింది. ఉదాహరణగా చూపిన వాక్యం: “తాతకు ఒళ్ళు బాగాలేదని అవసరంగా ఊరికి పోయాం.” ఇది తెలుగే కాదట! ఈ ప్రతిపాదనను నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

అసలు ఈ మాట ఎవరిది? సంస్కృతంలో అవసరం అంటే సమయం, సందర్భం. హిందీలోనూ మలయాళంలోనూ అవకాశం. కన్నడంలో, తమిళంలో తొందర. తమిళనాడు బస్సులో ‘అవసర వళి’ అని రాసి ఉంటే అది ప్రమాదంలో బయటపడే దారి. అక్కడ ఆర్డినెన్సు ‘అవసర సట్టం’. శ్రీరంగంలో రంగనాథుడి పెద్ద నివేదన పేరు ‘పెరియ అవసరం’. అక్కడ తొందరా లేదు, కొరతా లేదు.

‘కావలసి ఉండటం’ అన్నది మన తెలుగువాళ్ళ వాడుక. మూలార్థం తప్పినవాళ్ళకు మార్కులు కోయాలంటే ముందు కోయాల్సింది మనకే. పైగా 1975 ఎమర్జెన్సీని మనం ‘అత్యవసర పరిస్థితి’ అంటాం. అందులో తొందర లేదా?

ఆ ‘తొందర’ సంగతీ చూడండి. మనకు వేగిరపాటు. కన్నడంలో ‘తొందరె’, తమిళంలో ‘తొందరవు’ అంటే ఇబ్బంది. కుందలహళ్ళి గేటు దగ్గర ఆటో అతనితో “తొందర” అంటే, పాపం, ఏం కష్టమొచ్చిందోనని చూస్తాడు. నవ్వుకుని సర్దుకుంటాం. ఆ మర్యాద మన పిల్లలకు దక్కదా?

హోసూరు, కృష్ణగిరి వైపు ఇళ్ళలో తెలుగు బడి నేర్పింది కాదు, అమ్మ నేర్పింది. నేనూ తమిళ మీడియంలోనే చదివాను. 2006 చట్టం అక్కడి బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేశాక పిల్లలకు తెలుగు చదువు ఇంకా దూరమైంది. అయినా మాట్లాడుతున్నారు. దానికి శిక్షా?

అర్థం తారుమారైతే ఎలా అంటారా? నోటీసుల్లో ‘రక్తం అవసరం’ అని వదిలేయకుండా ‘రక్తం వెంటనే కావాలి’ అని రాద్దాం. ఆ నియమం నోటీసులకు పెట్టండి, పిల్లల నోళ్ళకు వద్దు.

ఒకసారి నలుగురిలో మార్కులు పోగొట్టుకున్న పిల్ల వచ్చే ఉగాదికి వేదిక ఎక్కదు. ఇంట్లోనూ ఇంగ్లీషుకు మారిపోతుంది. అప్పుడు పోయేది తప్పు తెలుగు కాదు, తెలుగే.

కమిటీ ఈ ప్రతిపాదనను పక్కన పెట్టాలి. మీ అభిప్రాయం కింద రాయండి, ఏ ఊరి తెలుగైనా సరే.