కాలేజీ గుమ్మం ముందు ఒక పుస్తకం

పిల్లలు కాలేజీలో చేరబోతున్నారంటే మనకి ఎంత హడావుడో! కొత్త బట్టలు, సూట్‌కేసు, హాస్టల్‌కి ఆవకాయ, సున్నుండలు... పుస్తకాల సంగతి కాలేజీ తెరిచాక చూసుకోవచ్చులే అనుకుంటాం.

అమెరికాలో చాలా కాలేజీలకి ఒక అలవాటుంది. కొత్తగా చేరేవాళ్లందరూ వేసవి సెలవుల్లో ఒకే పుస్తకం చదివి రావాలి. ఇంజనీరింగు పిల్లాడైనా, సంగీతం నేర్చుకునే అమ్మాయైనా అదే పుస్తకం. పరీక్ష కోసం కాదు. ముక్కూ మొహం తెలియని పిల్లలు మొదటి వారంలో కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి!

2007లో అక్కడున్న మా చెల్లెలి కూతురికి అలా వచ్చిన పుస్తకం, ఎలిజబెత్ కోల్బర్ట్ రాసిన ‘ఫీల్డ్ నోట్స్ ఫ్రమ్ ఎ కెటాస్ట్రఫీ’. భూమి వేడెక్కడం గురించి 2006లో వచ్చింది. మా చెల్లెలు ఫోనులో ఒకటే గోల. “శుభమా అని పిల్ల చదువుకి వెళుతుంటే ఈ భయాలేమిటే అక్కా? రాత్రిళ్లు నిద్ర పోవడం లేదు” అని.

“ముందు నువ్వు చదువు. తర్వాత తిడుదువుగాని” అన్నాను.

చదివింది. మొదట్లోనే అలాస్కాలో ఒక చిన్న దీవి మీదున్న షిష్మరెఫ్ అనే ఊరి కథ. అక్కడివాళ్లు సీల్ లాంటి జంతువుల్ని వేటాడి బతుకుతారు. పూర్వం చలికాలం ముందే సముద్రం గడ్డకట్టి, ఆ మంచే ఊరికి గోడలా నిలిచేది. ఇప్పుడు మంచు ఆలస్యంగా కడుతోంది. ఈలోగా తుపాను అలలు ఒడ్డుని కోసేస్తున్నాయి. ఊరొదిలి పోదామని 2002లో ఓటు వేసి నిర్ణయించుకున్నారు. 2016లో మళ్లీ ఓటు వేసి అదే మాట అన్నారు.

మంచు కరిగితే వేడి ఎందుకు పెరుగుతుందో మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. ఎండలో తెల్లచీర, నల్లచీర కట్టి చూడండి! తెల్లటి మంచు ఎండని వెనక్కి కొడుతుంది. అది కరిగాక మిగిలిన నల్లటి నీళ్లు వేడిని తాగేస్తాయి. దాంతో ఇంకాస్త మంచు కరుగుతుంది.

ఆ రాత్రి మా చెల్లెలు కూతురితో, “మన ఉప్పాడ లాగే ఉందే!” అందిట. మా పుట్టిల్లు కాకినాడ. జామ్దానీ చీరల కోసం ఉప్పాడ వెళ్లినప్పుడల్లా సముద్రం ఇంకాస్త ముందుకు వచ్చేసి ఉండేది. మొండిగోడలు మిగిలిన ఇళ్లు ఎన్నో చూశాం. ఉప్పాడ కోతకి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ పొయ్యి పెట్టుకున్న చోటు నీళ్లలో కలిసిపోతే ఇల్లాలి ఏడుపు ఎక్కడైనా ఒకటే కదా!

పద్దెనిమిదేళ్లుగా అమ్మ ఊరి కబుర్లంటే విసుక్కున్న పిల్ల, ఆ రాత్రి రెండింటిదాకా అడిగి అడిగి చెప్పించుకుంది. కాలేజీలో మొదటి వారం, తన వంతు వచ్చినప్పుడు ఉప్పాడ గురించే మాట్లాడిందట. “భయం పోయిందా?” అని అడిగాను. “పోలేదు పెద్దమ్మా, కానీ ఒక్కదాన్నే భయపడటం లేదు” అంది.

మీ ఇంట్లో ఇంటర్ పూర్తయిన పిల్లలున్నారా? ఈ వేసవిలో వాళ్లతో పాటు మీరూ ఏదైనా ఒక పుస్తకం చదవండి. డాబా మీద ఒరుగులు ఎండే వేళ ఒక పది పేజీలు చాలు. అర్థం కానిది వాళ్లనే అడగండి. హాస్టల్‌కి పంపే ఆవకాయ నాలుగు నెలల్లో అయిపోతుంది. ఆ మాటలు మాత్రం మిగిలిపోతాయి. ఏమంటారు?