గళ్ళలో మన వూరు

పోయిన సంచికలోని గళ్ళ నుడికట్టుకు సమాధానాలు పంపిన సోదరీసోదరులందరికీ నమస్కారాలు. వాటితోపాటు వచ్చిన ఒక చీవాట్ల వుత్తరానికి మాత్రం రెండు నమస్కారాలు. ఈ నెల శీర్షిక ఆ వుత్తరం గురించే.

అడ్డం 7వ ఆధారం నేను ఇలా ఇచ్చాను: “కర్ణాటకంలో బంగారు గని వున్న వూరు (2)”. సమాధానం హట్టి. రాయచూరు జిల్లాలోని ఆ వూళ్ళో ఇప్పటికీ బంగారం తీస్తున్నారు. చాలా సులభమైన ఆధారమనే అనుకున్నాను. రాబర్ట్‌సన్‌పేట నుంచి ఒక పెద్దాయన, ముప్ఫై యేళ్ళు భూమి లోపల పనిచేసిన మనిషి, కార్డు వ్రాశారు. “అయ్యా, కోలారుకు మూడు గళ్ళు కావాలి. మీరు రెండే ఇచ్చారు. మూడో గడి యెవరు మింగారు? మా గనిలో పని నిలిచింది గాని, గని యెక్కడికీ పోలేదు. అనుమానముంటే మా యింటికి రండి, చూపిస్తాను.”

ఆ కార్డు రెండు మూడు సార్లు చదువుకున్నాను. తప్పు నాదే. గని ‘వున్న’ వూరు అనడం వేరు, బంగారం ‘తీస్తున్న’ వూరు అనడం వేరు. జాన్ టేలర్ కంపెనీ వారు 1880 ప్రాంతంలో చేపట్టిన మన గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికీ, 1962లో కేంద్ర ప్రభుత్వం చేతికీ వచ్చి, 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. చాంపియన్ రీఫ్ గని ఒక్కటే మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అంత లోతు తవ్విన వూరికి గని లేదన్నట్లు వ్రాసినవాణ్ణి నేను! ఒక్క మాట అజాగ్రత్తగా వేస్తే, ఒక మనిషి ముప్ఫై యేళ్ళ కష్టం గళ్ళలోంచి జారిపోయింది.

ఆధారాలు రెండు జాతులు. మొదటిది మాటతో ఆడుకునేది. “పాలూ అరడజనూ కలిసి పారే నది (3)” అంటే పాలు, ఆరు కలిసి పాలారు. ఇది యెన్నాళ్ళయినా చెడదు. బేతమంగళం చెరువులో నీళ్ళున్నా ఎండినా పాలారు పాలారే. రెండో జాతి లోకజ్ఞానాన్ని అడిగేది. ఇది పాల వంటిది, నిలవ వుంచితే విరుగుతుంది. “కోలారు జిల్లాలో పుట్టిన భారతరత్న యింటిపేరు (4)” అని ఒకప్పుడు ధైర్యంగా అడిగేవాళ్ళం. మోక్షగుండం అని పిల్లలు కూడా చెప్పేవారు. 1955లో ఆ బిరుదు అందుకున్న విశ్వేశ్వరయ్యగారి యింటిపేరు ఆంధ్రదేశంలోని వూరిపేరే కాబట్టి మనవాళ్ళకు మరింత సంతోషంగా వుండేది. కాని 2007లో చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది, వారి ముద్దేనహళ్ళి అందులోకి పోయింది. ఇప్పుడు ‘అప్పటి కోలారు జిల్లా’ అని వ్రాయకపోతే ఆధారం అబద్ధమవుతుంది.

సినిమా ఆధారాలదీ ఇదే గొడవ. పై వూళ్ళ పిల్లలను కె.జి.ఎఫ్. అంటే యేమిటని అడగండి, 2018లోనూ 2022లోనూ వచ్చిన సినిమాలు చెబుతారు. సినిమా కథ కల్పితం, మన గని నిజం. అయినా పిల్లలు ఆ పేరు పలికినందుకే మనకు సంతోషం. సరే, ఆ సినిమా నాయకుణ్ణి గళ్ళలో పెడదామంటే మరో చిక్కు. యశ్ అన్న పేరులో పొల్లు శకారానికి వేరే గడి ఇవ్వాలా, అక్కరలేదా? ఈ విషయంలో మా యింట్లోనే రెండు కక్షలున్నాయి.

ఈ ఆటను 1913 డిసెంబరు 21న న్యూయార్కు పత్రిక ఒకదానిలో ఆర్థర్ విన్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం. ఒక పదంలోని ‘ఎ’ ఇంకొక పదంలోనూ ‘ఎ’యే. మనకు అంత సుఖం లేదు. గుణింతంతో సహా అక్షరం కలవాలి. రు వున్నచోట రూ పనికిరాదు. ఒత్తు తప్పితే నిలువు పదం కూలిపోతుంది. అయినా శ్రీశ్రీ, ఆరుద్ర వంటి మహాకవులు ముచ్చటపడి తెలుగులో గళ్ళు కట్టారు. ఒకరు పదబంధ ప్రహేళిక అన్నారు, ఒకరు గళ్ళ నుడికట్టు అన్నారు. వారి ముందు మనమెంత! అయినా ఇన్నేళ్ళుగా గళ్ళు గీయగా గీయగా నాకు ఒక్క సూత్రం పట్టుబడింది. అడ్డంలో కఠినమైన పేరు పెడితే, దానికి తగిలే నిలువు పదం వంటింట్లోనో వాకిట్లోనో దొరికేదై వుండాలి. పాలారు తెలియనివాళ్ళకు చివరి ‘రు’ దగ్గర రుబ్బురోలు దొరకాలి.

ఈ సూత్రం యెంత నిజమో మా వరుసలోని ఒక యింట్లో కళ్ళారా చూశాను. ఆ యింట్లో అవ్వకు చూపు ఆనదు. మనవడు పి.యు.సి. చదువుతున్నాడు. ఇంగ్లీషు చదువు, వీధిలో కన్నడం, తమిళం, యింట్లో తెలుగు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. నెలనెలా మన పత్రిక రాగానే వాడు ఆధారాలు చదవడం, అవ్వ సమాధానాలు చెప్పడం అలవాటు. నేను వెళ్ళిన రోజు వాడు ఒక అడ్డం దగ్గర ఆగిపోయి వున్నాడు. “1965లో చాంపియన్ రీఫ్ గని లోతున శాస్త్రజ్ఞులు జాడ పట్టిన అతిసూక్ష్మ కణం (3)”.

దాని చివరి గడిలోంచి దిగే నిలువు ఆధారం “ఆడవాళ్ళు పట్టేది, నోచేది (2)”.

“నోమురా, ఇంకేముంది?” అన్నది అవ్వ.

వాడు ‘నో’ వేసి ఒక నిమిషం చూశాడు. “న్యూట్రినో! అవ్వా, ఇది మా ఫిజిక్సు పుస్తకంలో వుంది. మన గనిలోనా?”

“అదేమో నాకు తెలీదు. లోపల యేవో పెట్టెలు పెట్టుకుని దొరలు, బొంబాయి వాళ్ళు, జపాను వాళ్ళు కూచుంటారని మీ తాత చెప్పేవాడు. బంగారం కాక యింకేం వెతుకుతారో అని మేము నవ్వుకునేవాళ్ళం. అయితే వాళ్ళు వెతికింది ఇదా?”

అదే. ఆకాశం నుంచి కురిసే కణాలలో తక్కినవాటిని పైనున్న రాయి ఆపేస్తుంది. న్యూట్రినో మాత్రం రాతిని లెక్కచేయదు. అందుకే బొంబాయి టాటా పరిశోధనా సంస్థ వారు, జపాను ఒసాకా వారు, ఇంగ్లండు డర్హం వారు కలిసి రెండు కిలోమీటర్లకు పైగా లోతున పరికరాలు పెట్టారు. ఆకాశపు న్యూట్రినోల జాడ ప్రపంచంలో మొదట దొరికిన చోట్లలో మన గని ఒకటి. మనవడికి పేరు తెలుసు, చోటు తెలియదు. అవ్వకు చోటు తెలుసు, పేరు తెలియదు. నాలుగు గళ్ళ పుణ్యమా అని ఆ పూట రెండూ ఒకచోట చేరాయి. ఆ తరువాత వాళ్ళు గళ్ళు నింపలేదు. తాత యే షిఫ్టుకు వెళ్ళేవాడు, కేజిలో దిగడానికి యెంతసేపు పట్టేది, రాక్‌బర్స్టు వచ్చిన రోజు యింట్లో పొయ్యి వెలిగించకుండా ఆడవాళ్ళంతా షాఫ్టు దగ్గర యెట్లా నిలుచున్నారు, ఇవే మాటలు. నేను కాఫీ తాగి లేచి వచ్చాను.

గని మూతపడిన యేట పుట్టిన పిల్లలు ఇవాళ వుద్యోగాలకు పోతున్నారు. వాళ్ళకు సైరన్ తెలియదు, సైనైడు దిబ్బలు మాత్రం తెలుసు. ఆధారం నేను వ్రాయగలను. సమాధానం నిఘంటువులో దొరకదు, యింట్లో పెద్దవాళ్ళ దగ్గర దొరుకుతుంది. అంచేత మీకొక మనవి. గనిలోనూ లైన్లలోనూ మీ యిళ్ళలో వాడిన మాటలు, ఒక్కొక్కదానికి ఒక్క వాక్యం అర్థంతో, వ్రాసి పంపండి. తెలిసినవాళ్ళు వుండగానే అడిగి వ్రాయండి. వాటితోనే వచ్చే నెలల గళ్ళు కడతాను.

ఈ నెలకు మచ్చుకు మూడు:

ఒకటి: 1902లో మన గనులకు కరెంటు పంపిన కావేరి జలపాతం వున్న చోటు (5).

రెండు: పొయ్యిలో మిగిలేదానితో పేరు పెట్టుకున్న కోట. హైదరలీ పుట్టింది ఇక్కడే (4).

మూడు: కోలారు జిల్లాలో పుట్టి, తెలుగు తెరపై వెలిగి, 2004లో విమాన ప్రమాదంలో పోయిన తార. పేరుకు అర్థం అందం (3).

ఇక రాబర్ట్‌సన్‌పేట పెద్దాయనకు బాకీ తీర్చుకుంటున్నాను. అడ్డం 7ను ఇలా దిద్దుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను: “కర్ణాటకంలో ఇప్పటికీ బంగారం తీస్తున్న వూరు (2)”. దాని పక్కనే కొత్తగా ఇంకొకటి: “2001 ఫిబ్రవరి దాకా బంగారం తీసిన గని ఇక్కడే వున్నది (3)”.

మూడో గడి యెవరూ మింగలేదు, అయ్యా. మీ యింటికి వచ్చే ఆదివారం వస్తున్నాను. గని చూపించండి.