నడిచే కారుకే నా ఓటు

మనకి ప్రాజెక్ట్ అంటే సెమిస్టర్ చివర్లో వచ్చే గండం. అమెరికాలో పాత కార్ల ప్రకటనల్లో ఆ మాటకి అర్థం వేరు. బాగు చేసుకుంటే తప్ప రోడ్డెక్కని కారుని అక్కడ 'ప్రాజెక్ట్' అంటారు. 'డ్రైవర్' అన్నా బండి నడిపే మనిషి కాదు, కారే. అక్కడక్కడా పెయింట్ పోయినా, సీటు చిరిగినా, తాళం తిప్పగానే స్టార్ట్ అయ్యి ఊరంతా తిరిగొచ్చే కారు అన్నమాట. ఈ రెండిటికీ పైన షోలో పెట్టే కార్లు ఉంటాయి, అద్దంలా తుడిచి దాచుకునేవి. పాత కార్లకి ఇన్సూరెన్స్ ఇచ్చే హ్యాగర్టీ అనే కంపెనీ కారు స్థితిని 1 నుంచి 4 వరకు నంబర్లతో చెబుతుంది. 1 అంటే వంక పెట్టలేనిది. డ్రైవర్ అనదగ్గవి ఎక్కువగా 3 దగ్గర ఉంటాయి.

యూట్యూబ్‌లో మాత్రం ఎప్పుడూ ప్రాజెక్టే హీరో. కొట్టంలో ముప్ఫై ఏళ్లు దుమ్ము కొట్టుకుపోయిన కారుని బయటికి లాగుతారు. ఇరవై నిమిషాల్లో అది మెరిసిపోతూ రోడ్డు మీదకి వస్తుంది. మధ్యలో గడిచిన ఏళ్లు, కరిగిపోయిన డబ్బులు ఎడిటింగ్‌లో పోతాయి. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా: మొదటిసారి పాత కారు కొనేవాళ్లు ప్రాజెక్ట్ జోలికి పోకూడదు. డ్రైవరే కొనాలి.

ఎక్కడో ఉన్న కార్ల గురించి నాకెందుకు అంటారా? మా పెదనాన్న గారబ్బాయి ఒహాయోలో ఉద్యోగం చేస్తున్నాడు. 1966 మస్టాంగ్ ప్రాజెక్ట్ ఒకటి చవగ్గా వస్తోందని వారం నుంచి ఫొటోలు పంపుతున్నాడు. "వద్దన్నయ్యా" అంటే, "నీకేం తెలుసురా, నువ్వు కోడ్ రాసుకో" అంటాడు. అందుకే కూర్చుని చదివా.

అన్నయ్య వాదన బలమైనదే. ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్‌ని 1964 ఏప్రిల్‌లో విడుదల చేసింది. మొదలు ధర 2,368 డాలర్లు. అప్పటికే ఉన్న ఫాల్కన్ కారు భాగాలు చాలావరకు వాడుకోవడం వల్లే అంత తక్కువలో ఇవ్వగలిగారు. మొదటి ఏడాదిలోనే నాలుగు లక్షలకి పైగా అమ్ముడయ్యాయి. అన్ని కార్లు ఉన్నాయి కాబట్టి వాటికి పార్టులు చేసి అమ్మే వ్యాపారం ఇప్పటికీ నడుస్తోంది. డోర్ హ్యాండిల్ నుంచి మొత్తం బాడీ దాకా కొత్తది దొరుకుతుంది. "అన్నీ దొరుకుతుంటే భయమేంటి?" అంటాడు.

భయం పార్టులతో కాదు, తుప్పుతో. ఈ కారుకి విడిగా ఛాసిస్ ఫ్రేమ్ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. ముందు అద్దం కింద గాలి కోసం పెట్టిన సందుల్లోంచి వాన నీరు లోపలికి దిగుతుంది. అక్కడి రేకు లోపలి నుంచి తుప్పు పట్టి, నీళ్లు కారు లోపల నేల మీదకి కారతాయి. ఫొటోలో ఇదేమీ కనపడదు. పైగా ఒహాయోలో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు కింది నుంచి తినేస్తుంది. నేల రేకు మార్చడానికి కార్పెట్ తీస్తారు, పక్కన ఉన్నదీ పోయిందని తెలుస్తుంది. తీగ లాగితే డొంకంతా కదులుతుంది. కొత్త రేకు ధర పెద్ద లెక్క కాదు. కోసి, కొలిచి, వెల్డింగ్ చేసే మనిషి కూలీ లెక్క. అక్కడ గంటకి వంద డాలర్లు దాటడం మామూలే. కోసేటప్పుడు బాడీ కొంచెం వంగిందా, ఇక తలుపు సరిగ్గా పడదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు మనవాళ్లు. పాత కారు బాగు చేసి చూడు అని కూడా కలపొచ్చు.

ప్రాజెక్ట్ ప్రకటనల్లో తరచూ కనిపించే ఇంకో మాట, "ఆపినప్పుడు బాగానే నడిచింది" అని. ఆపినప్పుడు నడిచింది సరే, ఆపి ఎన్నేళ్లయింది? ఆగిన కారు ఊరికే ఉండదు. ట్యాంకులో పెట్రోల్ జిగురులా మారి కార్బ్యురేటర్‌ని మూసేస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, లోపల పైపులు తుప్పు పడతాయి. రబ్బర్ సీళ్లు ఎండిపోతాయి. వైర్లు ఎలుకల పాలవుతాయి. వారానికోసారి తిరిగే కారులో ఇవి ఇంతగా ముదరవు, మొదలైనా త్వరగా తెలిసిపోతాయి. కారుకి వాడకమే వైద్యం. డ్రైవర్‌కి ఎక్కువ డబ్బులు ఎందుకివ్వాలంటే నా జవాబు ఇదే: ఎవరో ఇన్నేళ్లూ దాన్ని తిప్పుతూ బతికించినందుకు.

డ్రైవర్‌లో పనే ఉండదని కాదు. 1966 మస్టాంగ్‌లో బ్రేకులన్నిటికీ కలిపి ఒకే మాస్టర్ సిలిండర్ గది. ఎక్కడ లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. 1967 మోడల్ నుంచి అది రెండు గదులుగా వచ్చింది. కాబట్టి మొదటి డబ్బు దానికే పెట్టాలి. తర్వాత పాత ఇంధన పైపులు, ఎందుకంటే ఇప్పటి పెట్రోల్‌లో కలిపే ఇథనాల్‌కి పాత రబ్బర్ తట్టుకోదు. పెయింట్ అన్నిటికంటే చివర. ఒక్కో పని చేస్తూ మధ్యలో ఆదివారం షికారుకి వెళ్లొచ్చు. మన భాషలో చెప్పాలంటే చిన్న చిన్న కమిట్లు, మెయిన్ బ్రాంచ్ ఎప్పుడూ రన్ అవుతుండాలి. అంతా విప్పేసి మొదటి నుంచి రాద్దాం అని మొదలుపెట్టిన రిపోలు మన అకౌంట్లలో ఎన్ని పడి ఉన్నాయో మనకి తెలుసు. విప్పేసిన కారు కూడా అంతే, కాకపోతే దాన్ని డిలీట్ చేయలేం. అపార్ట్‌మెంట్లో ఉండేవాడికి ఇంకా కష్టం, చాలా చోట్ల నడవని బండిని పార్కింగ్‌లో ఉంచనివ్వరు.

"అందరూ నీలాగే అనుకుంటే ప్రాజెక్టులన్నీ తుక్కుకి పోవా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ఇవాళ డ్రైవర్ అంటున్న కార్లలో చాలా ఒకప్పుడు ఎవరో ఓపిగ్గా పూర్తి చేసిన ప్రాజెక్టులే. గ్యారేజీ, వెల్డింగ్ మెషీన్, సెలవు రోజులు ఉన్నవాళ్లు తప్పకుండా తీసుకోవాలి. వాళ్లకి దండం పెడతా. కానీ ఆ పని నేర్చుకోవడానికి కూడా నడిచే కారే మంచి బడి. పాడైన ఒక్క భాగం విప్పితే పాఠం వస్తుంది. పాడైన కారంతా విప్పితే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా అర్థం కాదు.

ఇంకో మాట. ఫ్యాక్టరీలో బిగించిన ఇంజనే ఉండాలని పట్టుబట్టేవాళ్లు, ఇంజన్ మారిన డ్రైవర్‌ని చిన్నచూపు చూస్తారు. ఆ చిన్నచూపు వల్లే అది మనలాంటి వాళ్లకి అందుబాటు ధరలో దొరుకుతుంది. చూసుకోనివ్వండి.

మీ అన్నో అక్కో అక్కడ మస్టాంగ్ చూడ్డానికి వెళ్తుంటే మూడు పనులు చేయమనండి. టైటిల్ కాగితం అమ్మేవాడి పేరు మీదే ఉందో లేదో చూడాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లి స్టార్ట్ చేయించాలి. ముందు అద్దం కింది సందుల్లో ఒక బకెట్ నీళ్లు పోసి, లోపల కాళ్లు పెట్టుకునే చోట చెయ్యి పెట్టి చూడాలి. చెయ్యి తడిస్తే అమ్మేవాడికి థాంక్స్ చెప్పి వచ్చేయమనండి.