ఆ రోజున ఏం చేశారో అడగండి

రాజుపాలెం,
జనవరి 12.

మన రాజుపాలెం మండలం పిల్లలకు,

పండక్కి బయల్దేరుతూ ఉంటారు. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు పిడుగురాళ్ల దాటి కొండమోడు చేరారంటే ఇంటికొచ్చినట్టే. మీకంటే ముందే మీ శుభాకాంక్షలు ఫోన్లలో వచ్చేశాయి. వివేకానందుడు చేతులు కట్టుకుని నిలబడ్డ బొమ్మ, దాని కింద జాతీయ యువజన దినోత్సవమని. చూసి సంతోషించాను. ఆయన పుట్టినరోజును యువజన దినోత్సవంగా జరపాలని కేంద్ర ప్రభుత్వం 1984లో నిర్ణయించింది, 1985 నుంచి జరుగుతోంది. ఇది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆయన పుట్టిన 1863 జనవరి 12 సరిగ్గా మకర సంక్రాంతి అని ఎంతమందికి తెలుసు?

ఆ ఏడు సంక్రాంతి పన్నెండో తేదీనే వచ్చింది. మా చిన్నప్పుడు పద్నాలుగున వచ్చేది. ఇప్పుడు కొన్నేళ్లు పద్నాలుగు, కొన్నేళ్లు పదిహేను. మన పంచాంగం సూర్యుడి నడకను నక్షత్రాలను బట్టి లెక్కగడుతుంది. గోడమీది ఇంగ్లీషు క్యాలెండరు రుతువులను బట్టి లెక్కగడుతుంది. ఈ రెండు రకాల ఏడాదుల మధ్య ఇరవై నిమిషాల తేడా ఉంది. ఆ నిమిషాలన్నీ పోగుపడితే సుమారు 72 ఏళ్లకు ఒక రోజవుతుంది. మీ మనవలు పదహారో తేదీన కూడా పెద్ద పండగ చేసుకుంటారు. పండగ పండగే, తేదీ జరిగిపోతుంది. అందుకే నేను తేదీకంటే ఆ రోజున జరిగిన పనిని ఎక్కువ పట్టించుకుంటాను. మిమ్మల్నీ పట్టించుకోమని అడగడానికే ఈ ఉత్తరం.

ఇప్పుడు ప్రతి ఉదయం ఏదో ఒక దినోత్సవంతో తెల్లారుతోంది. మార్చి 20 పిచ్చుకలది, మార్చి 30 ఇడ్లీది, ఆగస్టు మొదటి ఆదివారం స్నేహితులది. ఒకరు పంపుతారు, మీరు ఇంకో పదిమందికి పంపుతారు, రాత్రికి ఎవరికీ గుర్తుండదు. పోనీలే, దీనివల్ల నష్టమేముంది అనుకోకండి, నష్టం ఉంది. ఏటా ఫిబ్రవరి 14న ఒక సందేశం తిరుగుతుంది. భగత్‌సింగ్‌కు ఉరిశిక్ష వేసింది ఈ రోజే, ప్రేమికుల రోజు చేసుకోవడానికి మీకు సిగ్గులేదా అని. అది అబద్ధం. లాహోర్ కుట్ర కేసులో ఆయనకు శిక్ష వేసింది 1930 అక్టోబరు 7న. ఉరి తీసింది 1931 మార్చి 23న. అప్పటికాయనకు ఇరవై మూడేళ్లు, మీలో చాలామంది వయసు. ప్రేమికుల రోజు చేసుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం, అందులో నేను తలదూర్చను. ప్రాణమిచ్చిన మనిషి రోజును మాత్రం ఇంకొకర్ని తిట్టడానికి తారుమారు చేయకండి. మార్చి 23న ఆయన రాసిన వ్యాసం ఒకటి చదవండి, అది చాలు.

తేదీని జాగ్రత్తగా రాసిపెట్టే అలవాటు మన పల్నాడుకు కొత్తది కాదు. మాచర్ల అవతల నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి స్తంభాలున్నాయి, దాదాపు పదిహేడు వందల ఏళ్ల కిందటివి. వీరపురుషదత్తుడనే రాజుకు మేనత్త అయిన చాంతిసిరి అక్కడి మహాచైత్యం దగ్గర స్తంభాలు నిలబెట్టించి, ప్రాకృతంలో శాసనాలు వేయించింది. తానెవరి బిడ్డనో, ఎవరి తోబుట్టువునో, ఎవరి మేలు కోరి ఈ స్తంభం నిలిపిందో అంతా చెప్పి, ఆఖర్న తేదీ చెక్కించింది. రాజుగారి పాలనలో ఆరో సంవత్సరం, వానాకాలం ఆరో పక్షం, పదో దినం.

అందులో నెల పేరు లేదు చూడండి. ఆనాటి వాళ్లు ఏడాదిని ఎండాకాలం, వానాకాలం, చలికాలం అని మూడు చేసి, ఒక్కో కాలానికి ఎనిమిది పక్షాలు పెట్టుకున్నారు. వానాకాలం ఆరో పక్షమంటే వానలు వెనకపట్టే రోజులన్నమాట. సేద్యం చేసేవాడికి ఇంతకంటే అర్థమయ్యే క్యాలెండరు ఉంటుందా? ఆమె ముందు పని చేసింది, ఆ పనిని కాలంలో కుదురుగా నిలపడానికి తేదీ వేసింది. మనం ఇప్పుడు తేదీ ముందు పెట్టుకుని, ఆ రోజున ఏం చేయాలా అని వెతుక్కుంటున్నాం.

ఆ శాసనాలు దొరికిన లోయ ఈ రోజు సాగర్ నీళ్ల అడుగున ఉంది. ఆనకట్ట పూర్తికాక ముందే 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండమీదికి చేర్చారు. నీళ్లొచ్చాక ఆ కొండే దీవి అయింది, మ్యూజియం అక్కడే ఉంది. చూడనివాళ్లు ఈ సెలవుల్లో వెళ్లి చూసిరండి. నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. కుడి, ఎడమ కాలువలకు ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. మన పల్నాడు బతుకును ఆ ఆగస్టు 4 మార్చినంతగా ఇంకే తేదీ మార్చలేదని నా నమ్మకం. అంతకుముందు ఇది జొన్నకూటి సీమ. శ్రీనాథుడంతటివాడు ఇటు వచ్చి సన్నన్నం దొరకలేదని చాటువుల్లో గేలిచేసి పోయాడు. నీళ్లు పారాక వరి వచ్చింది, మిరప వచ్చింది, పత్తి వచ్చింది, మీ చదువులకు ఫీజులు కట్టే దారి వచ్చింది. ఆ నీళ్ల కోసం లోయలో ఊళ్లు వదిలి పోయినవాళ్లున్నారు. వాళ్లను ఎవరు తలుస్తారు? ఆగస్టు 4 వచ్చిన సంగతే మనకు తెలియకుండా పోతుంది. సభలు, దండలు నేను అడగడం లేదు. ఆ రోజు నలుగురు కలిసి కాలవ గట్టు వెంట నడిచి, ఎక్కడ జమ్ము పెరిగిందో, ఎక్కడ గండి పడిందో, చివరి పొలానికి నీరు అందుతోందో లేదో చూసి రండి. ఆ తేదీకి అదే సరైన మర్యాద.

రోజులను ఎలా జరుపుకోవాలో నేర్చుకోవాలంటే దూరం పోనక్కర్లేదు, కారంపూడి వెళ్తే చాలు. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు నాగులేటి ఒడ్డున పల్నాటి వీరుల ఉత్సవం జరుగుతుంది. పన్నెండో శతాబ్దపు యుద్ధాన్ని ఇంకా మరిచిపోని జనం వాళ్లు. ఆ అయిదు రోజులకూ అంకెలు కాదు, పేర్లున్నాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రాయబారం నాడు అలరాజును తలుస్తారు. మాటలతో యుద్ధం ఆపుదామని మామ నలగామరాజు దగ్గరికి వెళ్లి, చర్లగుడిపాడు దగ్గర విషానికి బలైపోయినవాడు. కోడిపోరు నాడు నాయకురాలు నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ జరిగిన పందెం. ఆ ఒక్క పందెంతో ఒక పక్షం రాజ్యం విడిచి వలసపోవాల్సి వచ్చింది. వీరాచారవంతులు కొణతాలనే ఆయుధాలు భుజాన పెట్టుకుని ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వస్తారు. ఇది తిథిని బట్టి జరిగేది కాబట్టి ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. అయినా ఇన్ని వందల ఏళ్లుగా జనం దారి తప్పలేదు. ఏ రోజున ఏం చేయాలో ఒంటికి తెలుసు.

అందులో నా మనసు పట్టుకున్నది మందపోరు. ఆ రోజున చాపకూడు పెడతారు. అన్ని కులాలవాళ్లనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన బ్రహ్మనాయుడి పనిని మళ్లీ చేసి చూపిస్తారు. అదీ జ్ఞాపకమంటే. మన జిల్లాలోనే వినుకొండలో 1895 సెప్టెంబరు 28న కవి గుర్రం జాషువా పుట్టాడు. ఏటా ఆ రోజున విగ్రహానికి పూలదండ వేస్తాం, ఆయన పద్యాలు పాడతాం, బాగానే ఉంది. ఆ పద్యాలు దేన్ని నిలదీశాయో అది ఇంకా మన ఊళ్లలో ఉంది. మన పెళ్లి పందిళ్లలో, మన బావుల దగ్గర, చివరికి మన శ్మశానాల్లో కూడా ఉంది. జాషువా పుట్టినరోజున మన మండలంలో ఒక చాపకూడు పెట్టలేమా? వంట సామాను నేను చూస్తాను. పిలవడం, వడ్డించడం, పక్కన కూర్చుని తినడం మీ వంతు.

ఫిబ్రవరిలో మనది అని చెప్పుకోవాల్సిన రోజు ఇంకొకటి ఉంది. 1922లో పల్నాడు అడవిలో పశువులను మేపుకుంటే పుల్లరి కట్టమన్నారు. కట్టం అన్నాడు మించాలపాడు కన్నెగంటి హనుమంతు. ఊళ్లకు ఊళ్లు ఆయన వెంట నిలబడ్డాయి. చౌరీచౌరా ఘటన తర్వాత ఫిబ్రవరి 12న సహాయ నిరాకరణను ఆపేయాలని బార్డోలీలో తీర్మానం జరిగింది. ఇక్కడ సర్కారు మాత్రం ఆగలేదు. ఆ నెలలోనే మించాలపాడు మీద పోలీసులు విరుచుకుపడ్డారు, హనుమంతు తుపాకీ గుళ్లకు నేలకొరిగాడు. గేదెల్ని, గొర్రెల్ని మేపుకునే హక్కు కోసం ప్రాణమిచ్చిన మనిషి మన జిల్లావాడు. ఫిబ్రవరి నెలలో మీలో ఎందరి ఫోన్లలో ఆయన బొమ్మ కనిపిస్తుంది? ఒకసారి దుర్గి వైపు బండి తిప్పండి. మించాలపాడు పెద్దవాళ్ల నోట ఆ కథ వినండి, వాళ్ల అనుమతితో వాళ్ల గొంతు రికార్డు చేయండి. ఇవాళ చెప్పగలిగినవాళ్లు రేపు ఉండకపోవచ్చు.

వింతగా కనిపించే రోజులన్నీ కొట్టిపారేయాల్సినవని నేను అననే అనను. నవంబరు 19ని ప్రపంచ మరుగుదొడ్ల దినోత్సవం అంటే మీరు నవ్వుతారు. సింగపూరులో మొదలైన ఆ రోజును 2013లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకుంది. చెంబు పట్టుకుని చీకటి పడేదాకా ఎదురుచూసిన మన అమ్మలను, అమ్మమ్మలను అడగండి, ఆ రోజు ఎందుకు కావాలో వాళ్లు చెబుతారు. అదే నవంబరు 19న 1977లో దివిసీమను ఉప్పెన ముంచేసింది. పదివేల మందికి పైగా కొట్టుకుపోయారు. ఆ తేదీ వస్తే నాకు ఈ రెండూ కలిసే గుర్తొస్తాయి. ఒకటి చేయగలిగి చేయని పని, ఇంకొకటి ముందే హెచ్చరిక ఊరూరా అందితే తగ్గించగలిగిన నష్టం. అలాగే అక్టోబరు 7 ప్రపంచ పత్తి దినోత్సవం. బెనిన్, బుర్కినాఫాసో, చాద్, మాలి అనే నాలుగు ఆఫ్రికా దేశాల చొరవతో మొదలైంది. 2019లో జెనీవాలో తొలిసారి జరిపారు. మనకు అప్పటికి చేలల్లో కాయ పగిలి తొలి తీత మొదలవుతుంది. పత్తి తీసే ఆడకూలీలకు ఆ రోజు నీడ, మంచినీళ్లు, న్యాయమైన కూలి దక్కుతున్నాయా అని చూసేవాళ్లు మీలో ఇద్దరున్నా ఆ దినోత్సవానికి అర్థం ఉంటుంది.

సత్తెనపల్లి మనకు పక్కనే. అక్కడ 1906 సెప్టెంబరు 17న వావిలాల గోపాలకృష్ణయ్య పుట్టారు. నాలుగుసార్లు శాసనసభకు వెళ్లారు, తెలుగు పాలనా భాష కావాలని పట్టుబట్టారు, అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షులయ్యారు. ఆ రోజున ఏ కార్యాలయంలోనైనా ఒక అర్జీ పూర్తిగా తెలుగులో రాసి ఇచ్చి, తెలుగులో జవాబు అడిగి తెచ్చుకోండి. పల్నాడు జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. దాన్ని జరుపుకునే పద్ధతి ఇంకా ఏదీ స్థిరపడలేదు కాబట్టి, ఆ పని మీ తరానిదే.

ఇక అసలు కోరిక. మన మండలానికి సొంత క్యాలెండరు ఒకటి తయారు చేద్దాం. మా వయసువాళ్లలో ఎందరికో పుట్టినరోజు జులై 1, బడిలో చేర్చుకున్న మాస్టారు వేసిన తేదీ అది. అడిగితే, ఒకరు సాగర్ నీళ్లొచ్చిన ఏడు పుట్టానంటారు, ఇంకొకరు ఉప్పెన ఏడు పెళ్లయిందంటారు. ఆ మాటలు పట్టుకుంటే నిజమైన ఏళ్లు దొరుకుతాయి. మన ఊళ్లకు కరెంటు ఎప్పుడొచ్చింది, తొలి బస్సు ఎప్పుడొచ్చింది, బడి గోడలు ఎవరి చేతుల్తో లేచాయి, పదో తరగతి దాటిన తొలి ఆడపిల్ల ఎవరు, ఏ కరువుకు ఎవరు గాదె తెరిచి ధాన్యం పంచారు. ఇవన్నీ ఎవరో ఒకరికి గుర్తున్నాయి, ఏ పుస్తకంలోనూ లేవు. తేదీ దొరికినవి తేదీతో రాద్దాం. దొరకనివి చాంతిసిరి పద్ధతిలో ఏ కాలమో రాద్దాం. విన్నది ఒకరి నోటి నుంచే అయితే ఇంకొకర్ని అడిగి సరిచూసుకున్నాకే రాద్దాం.

కనుమ నాడు సాయంత్రం అయిదింటికి రామాలయం అరుగు దగ్గర కూర్చుందాం. ఇంట్లో పాత శుభలేఖలు, పట్టాదారు పాసుపుస్తకాలు, బడి ఫొటోలు, తాతల నాటి పంచాంగాలు ఉంటే పట్టుకురండి. గుడిమీద, బడిమీద, చెరువు తూముమీద ఉన్న శిలాఫలకాలను ఫోన్లో ఫొటో తీసి తెండి. అమ్మాయిలు తప్పకుండా రావాలి, ముసలమ్మల నోట మాట మీరే రాబట్టగలరు. రాయడానికి పెద్ద నోటుబుక్కు, కూర్చోవడానికి చాపలు నేను తెస్తాను.

ఇట్లు,
మీ ఊరి తాతయ్య