అమ్మమ్మ చీరకు కత్తెర పెట్టాలా?

నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే ‘అతుకుల బొంత’ అంటాం. సినిమాలో సీన్లు ఒకదానికొకటి అతక్కపోయినా అదే మాట. పాపం, బొంత ఏం చేసిందని? ఒక్కటి కుట్టి చూడండి, అతుకు వెయ్యడానికి ఎంత ఆలోచన కావాలో తెలుస్తుంది.

ఈ మధ్య రీల్స్ నిండా ‘వింటేజ్ క్విల్ట్’లే. వెలిసిన పువ్వులు, మీగడ రంగు గళ్లు, ఏ పాత ఇంట్లోనో దొరికినట్టు. అవి చూసి నేనూ మొదలెట్టా. పేరంటాల్లో వచ్చిన జాకెట్ ముక్కలన్నీ బీరువాలోంచి తీసి, కంటికి నచ్చినవల్లా కోసి కుట్టేశా. ఒక్క ఉతుకుతో అయిపోయింది. ఎర్ర ముక్క రంగు దిగి, పక్కనున్న తెల్లవన్నీ గులాబీ అయ్యాయి. నూలు ముక్కలు ముడుచుకున్నాయి, పాలిస్టర్‌వి బుడగల్లా ఉబ్బాయి.

రెండోసారి బుద్ధిగా అమ్మమ్మ చీరల పెట్టె తెరిచా. లేత నీలం వాయిల్ చీర చేతిలోకి తీసుకున్నానో లేదో, అమ్మ వచ్చేసింది. “దాన్ని కొయ్యడానికి నీకు చేతులెలా వస్తాయే?” అంది. అమ్మమ్మ పోయి మూడేళ్లు. కత్తెర పక్కన పెట్టేశా. ఆ చీర సంగతి చివర్లో చెప్తా.

ముందు గుడ్డ, తర్వాతే రంగు

అన్నీ ఒకే బాపతు గుడ్డలు ఉండాలి. నూలు చీర, లుంగీ, పంచె, కాటన్ నైటీ, పాత చొక్కా బాగా కలుస్తాయి. జార్జెట్, నైలెక్స్, సాగే టీషర్టు వీటితో పొసగవు. అనుమానం ఉంటే అంచులోంచి నాలుగు పోగులు లాగి, సింకు దగ్గర పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడైపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది.

పాత చీరని కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టి చూడండి. జల్లెడలా కనిపించిన చోట చివికిపోయినట్టే. రెండు చేతులతో మెల్లగా లాగితే పర్రుమందా, ఆ భాగం వదిలెయ్యండి. ఎంత అందమైన పువ్వున్నా సరే.

ఇక రంగు దిగే సంగతి. తడిపిన తెల్ల గుడ్డతో ముక్కని గట్టిగా రుద్దండి. మరక అంటితే, దాన్ని విడిగా ఉతుకుతూ పోండి. ఎన్ని ఉతుకులకీ ఆగకపోతే పక్కన పెట్టేయడమే. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని ఇంట్లో చెప్తారు. నమ్మి కూర్చోకండి, ఉప్పుకి అంత శక్తి లేదు. కొయ్యకముందే అన్నిటినీ ఒకసారి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చెయ్యండి. ముడుచుకునేవి అప్పుడే ముడుచుకుంటాయి.

మ్యాచింగ్ మానేయండి

మనకి చిన్నప్పట్నుంచీ మ్యాచింగ్ అలవాటు. చీరకి జాకెట్టు, జాకెట్టుకి గాజులు. బొంతకి అది పనికిరాదు. ఇక్కడ ఏ రంగు అనేదానికంటే ఎంత లేత, ఎంత ముదురు అనేదే ముఖ్యం. ముక్కలన్నీ నేల మీద పరిచి, ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తియ్యండి. ఎరుపూ ఆకుపచ్చా విడివిడిగా కనిపిస్తాయనుకుంటాం, ఫొటోలో రెండూ ఒకే బూడిద రంగు ముద్ద కావచ్చు. అలా అయితే లేతవి కలపాలన్నమాట. 240 ముక్కల బొంతకి నేను 90 లేతవి, 100 మధ్యరకం, 50 ముదురువి తీసుకున్నా.

తెలుపు మాత్రం కొత్త బనియన్ తెలుపు వద్దు. అదొక్కటే కొట్టొచ్చినట్టు కనిపించి పాతదనమంతా పోతుంది. వాడిన పంచెలో ఉండే మీగడ తెలుపు బాగుంటుంది. ఇంకో చిట్కా. చాలా చీరల్లో బొడ్లో దోపుకునే లోపలి కొస తక్కువ వెలుస్తుంది. కొంగు వైపు ఎక్కువ వెలుస్తుంది. అంటే ఒకే చీరలో ముదురు ముక్కా దొరుకుతుంది, లేత ముక్కా దొరుకుతుంది. పువ్వుల సైజులు కూడా కలపండి. అన్నీ చిన్న పువ్వులైతే దూరం నుంచి మచ్చల్లా ఉంటాయి. మధ్యలో నాలుగు గళ్ల లుంగీ ముక్కలు వేస్తే కంటికి ఊపిరాడుతుంది.

ఆ పువ్వులు మనవే

రీల్స్‌లో మనం మురిసిపోయే విదేశీ పూల డిజైన్లకి మూలం ఎక్కడో తెలుసా? 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం వైపు నుంచి ఓడలెక్కిన అద్దకం బట్టల్లో కూడా ఉంది. యూరప్‌లో వాటికి ఎంత గిరాకీ అంటే, అక్కడి నేత పరిశ్రమ గగ్గోలు పెట్టింది. 1686లో ఫ్రాన్స్ ఈ బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండ్ కూడా తర్వాత అదే దారి పట్టింది. పెడన కలంకారీ ముక్క ఒకటి మీ బొంతలో వేస్తే, అది చుట్టం కాదు, సొంతింటి మనిషే.

అమెరికాలో 1930ల కరువు రోజుల్లో ఆడవాళ్లు పిండి బస్తాల పూల గుడ్డతో క్విల్టులు కుట్టారు. అలబామాలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి మహిళలు పొలంలో అరిగిన ప్యాంట్లూ చొక్కాలతో కుట్టిన బొంతలు 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో తపాలా బిళ్లల మీదికీ వచ్చాయి. వాళ్లు రంగులు కొనుక్కోలేదు. ఉన్నవాటిని ఎక్కడ పెట్టాలో చూసుకున్నారు, అంతే.

కొయ్యని చీర

ఇంతకీ అమ్మమ్మ వాయిల్ చీర? ఆలోచిస్తే, పాతకాలం బొంతల్లో చీరని ముక్కలు చెయ్యకుండా మడిచి పొరలుగా వేసేవాళ్లు కదా! 6 గజాల చీరని మధ్యకి మడిస్తే 45 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు. 5 అంగుళాల చదరాలు అన్ని వైపులా పావు అంగుళం కుట్టుకి పోగా 4.5 మిగులుతాయి. అడ్డంగా 10, నిలువుగా 24. సరిగ్గా సరిపోయింది.

పైన ముక్కలకి అమ్మమ్మవే చిరిగిన చీరలు, తాతయ్య పంచెలు, నా స్కూల్ గౌను వాడా. కింద నీలం చీర, కత్తెర తగలకుండా. పరుగు కుట్టు అన్ని పొరల్లోంచీ దూరుతుంది. కావాలంటే రేపెప్పుడైనా దారం విప్పి చీరని చీరలాగే తీసుకోవచ్చు. ఆ మాట చెప్పాకే అమ్మ సూదిలో దారం ఎక్కించి నా పక్కన కూర్చుంది. ఒక మూల కుట్లు నావాటికంటే దగ్గర దగ్గరగా ఉంటాయి. అవి అమ్మవి.