“మీ నాన్న ఏం చేస్తడు?”

రాత పరీక్షకు మన కులం తెల్వదు. దానికి తెలిసింది హాల్‌టికెట్ నంబరొక్కటే. ఇంటర్వ్యూ అట్ల కాదు. తలుపు తీసుకొని లోపల అడుగు పెట్టంగనే మన యాస, మన చెప్పులు, మన ఇంటిపేరు, అన్నీ కుర్చీల్లో కూర్చున్నోళ్ల కండ్లబడుతయి. అడిగే మొదటి ప్రశ్న కూడా చదువు గురించి కాదు. “మీ నాన్న ఏం చేస్తడు? మీది ఏ ఊరు?”

ఇది మన అనుమానం కాదు. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ సీట్ల మీద నడిచిన అజయ్ హసియా కేసులో ఫిర్యాదు ఇదే. రెండు మూడు నిమిషాలు కూర్చోబెట్టి తల్లిదండ్రులెవరు, ఎక్కడుంటరు అని అడిగి పంపిండ్రు. రాతలో మంచి మార్కులొచ్చినోళ్లు అక్కడ ఓడిపోయిండ్రు. ఇంటర్వ్యూకు మూడోవంతు మార్కులు పెట్టడం అన్యాయమని, 15 శాతం దాటొద్దని 1981లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేంద్రంలో కింది స్థాయి ఉద్యోగాలకు 2016 నుంచి ఇంటర్వ్యూ లేదు. మన రాష్ట్రంలో గ్రూప్-1, గ్రూప్-2లకు 2022లో తీసేసిండ్రు. మంచిదే.

అట్లని పీడ పోయిందనుకోవద్దు. సివిల్స్‌లో మొత్తం 2025 మార్కులైతే, అందులో 275 ఇంటర్వ్యూవే. యూనివర్సిటీలో పాఠం చెప్పాలన్నా బోర్డు ముందు కూర్చోవాల్సిందే. ఇక ప్రైవేటు సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ రిజర్వేషన్ లేదు, అడిగే దిక్కూ లేదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మనోళ్ల భూములు, బీసీల భూములు పోయినయి, మందుల ఫ్యాక్టరీలు లేసినయి. ఆ గేటు లోపలికి మన పిల్లలు చీపురు పట్టుకొనే పోవాల్నా, సర్టిఫికెట్లు పట్టుకొని పోవద్దా?

థోరట్, అటెవెల్ అనే పరిశోధకులు 2007లో ఒక లెక్క బయటపెట్టిండ్రు. ఒకే చదువుతో, వేరు వేరు పేర్లతో కంపెనీలకు దరఖాస్తులు పంపితే, దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే సుమారు మూడింట రెండొంతులే. అదే ఏడు జోధ్కా, న్యూమన్‌లు ఢిల్లీ పెద్ద కంపెనీల అధికార్లను కలిసి మాట్లాడిండ్రు. ఇంటి నేపథ్యం అడుగుతాం, దాన్నిబట్టే మనిషి తెలుస్తడు అని వాళ్లే చెప్పుకున్నరు. కులం పేరెత్తరు, కుటుంబం అంటరు. అంతే తేడా.

ఈ అన్యాయం మీద కొట్లాట ఆగేది కాదు. కాని కొట్లాట తీర్పు వచ్చేదాకా పిల్లగాడు ఇంట్ల కూర్చోలేడు గద. ఆ ప్రశ్నకు జవాబు ముందే తయారు చేసుకోవాలె. మనోళ్లలో చాలామంది అక్కడ “వ్యవసాయం సార్” అని తప్పించుకుంటరు. రెండో ప్రశ్న “ఎన్నెకరాలు?” అని వస్తది. గొంతు తడారిపోతది, తర్వాత సబ్జెక్టు కూడా నోటికి రాదు. ఉన్నదున్నట్టు చెప్పాలె. మా తాత ఊరి నీరటి, చెరువు తూము ఎప్పుడెత్తాల్నో, ఏ మడికి ఎన్ని నీళ్లో ఆయనకు నోటి లెక్క. మా అయ్య పాలమూరు లేబర్, మేస్త్రీ కింద ఊరూరు తిరిగి కాల్వలు తవ్విండు, ఆ కూలితోనే నేను డిగ్రీ చదివిన. మా ఇంట్ల లందలో తోలు నానబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసేటోళ్లు. ఇట్ల రెండు వాక్యాలు తల ఎత్తి చెప్పి, అక్కడి నుంచి నీ చదువు మీదికి రా. లేని ఎకరాలు చెప్పకు, కన్నీళ్లూ పెట్టకు.

తర్వాత నీ జిల్లా. నల్లగొండ అంటే ఫ్లోరైడ్ అని అందరికీ తెలుసు. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ నల్లగొండ పేరే పెట్టిందని ఎంతమంది పిల్లలు చెప్పగలరు? 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగంలో ఎనిమిది మంది చిక్కుకున్నరు. ఆ సొరంగం ఎందుకు తవ్వుతున్నరు, నీళ్లు ఎక్కడికి పోవాలె? అడిగేటోళ్లు పట్నంవాళ్లు. ఈ నేల గురించి వాళ్లకంటే మనకే ఎక్కువ తెలవాలె.

ఇంగ్లీషు రాదన్న భయం పెద్దది. రాకపోతే నేర్చుకోవాల్సిందే, అందులో రాజీ లేదు. కాని ఇంగ్లీషొక్కటే తెలివి కాదు. సిక్కోలు జిల్లా కూలోళ్ల కొడుకు, పంతులు, గోపాలకృష్ణ రోణంకి 2016 సివిల్స్‌ను తెలుగులో రాసి, దుబాసీ సాయంతో తెలుగులోనే ఇంటర్వ్యూ ఇచ్చి దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నడు.

ఆడపిల్లలకు ఇంకో ప్రశ్న ఉంటది: “పెండ్లయినంక మానేస్తవా?” దీనికి కూడా ఇంట్లనే జవాబు తేల్చుకొని పోవాలె. తల్లిదండ్రులతోని ముందే మాట్లాడాలె.

సంఘాలు చేయాల్సిన పని ఒకటుంది. అంబేద్కర్ భవనంలో ఏప్రిల్ 14కు దండ వేసుడే కాదు, నెలకోసారి ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టండి. ముగ్గురు టీచర్లో, బ్యాంకు ఉద్యోగో బల్లకవతల కూర్చోవాలె. పిల్లగాడు తలుపు కొట్టి లోపలికి రావాలె. ఒరే అనకుండా మీరు అని పిలవాలె. వాళ్లు కూడా “మీ నాన్న ఏం చేస్తడు” అని అడగాలె, గుచ్చి గుచ్చి అడగాలె. మొదటిసారి మనోళ్ల ముందే తడబడనీయండి. కులం సర్టిఫికెట్ తాసిల్ ఆఫీసులో ముందే తెచ్చిపెట్టుకోవాలె, పిలుపొచ్చినంక తిరిగితే దొరకదు. రైల్వే పరీక్షలకు ఎస్సీ, ఎస్టీలకు రైలు పాసు ఉచితం. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మిగిలినోళ్ల దారి ఖర్చులు సంఘం చందాలో రాయండి.

మీ వాడలో డిగ్రీ ఆఖరు ఏడు చదివే పిల్లల పేర్లు ఈ వారమే రాసిపెట్టండి. కుర్చీలు లేకుంటే బడి బెంచీలు చాలు.