గృహనిర్మాణ వ్యయము - వేన్నీళ్ల యేర్పాటు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. నేడు పట్టణమున రెండుసెంట్ల నేలపై చిన్నయిల్లు లేవనెత్తబూనిన గుమాస్తాకు గాని, ఉపాధ్యాయునకు గాని గోడలు లేవకమునుపే చేతిసొమ్ము చెల్లిపోవుచున్నది. సిమెంటుపై నూటికి 28 వంతున నుండిన పన్నును 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి 18కి తగ్గించిరి. సంతోషమే. కాని గృహస్థుని జాబితాలో సిమెంటు ఒక పద్దు మాత్రమే. ఇనుము, ఇసుక, మేస్త్రీకూలి, లారీబాడుగ మిగిలియే యున్నవి.

వ్యయము పెరిగినపుడు గృహస్థుడు దేనిని విడుచును? కంటికి కనబడు నున్నని బండలను విడువడు. గోడలో దాగు గొట్టములను, ఎర్తు తీగను, స్నానపుగది కిటికీని విడుచును. ఇది పొదుపు కాదు, ఆపదను కొనితెచ్చుకొనుట.

వేన్నీళ్ల సంగతియే చూడుడు. తాతలనాడు పెరటిపొయ్యిపై కాగు ఉండెను. పిదప రాగి బాయిలరు వచ్చెను. నేటి యిండ్లకు పెరడు లేదు. విద్యుత్తు గీజరు కొనునపుడు చవుక. కాని నూరులీటర్ల నీటిని 20 డిగ్రీలు వేడిచేయుటకు సుమారు 2.3 యూనిట్లు కావలెను. ఈ కర్చు ఏటేట తప్పదు. గ్యాసు గీజరు వడిగా కాచును. కాని గాలి చొరని గదిలో అది మండిన కార్బను మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానమునకు పోయినవాడు స్పృహ తప్పి ప్రాణము కోల్పోవచ్చును. దానిని స్నానపుగదిలో నెన్నడును బిగింపరాదు. మీదుమిక్కిలి, మనదేశము వాడు వంటగ్యాసులో సగమునకు పైగా పరదేశములనుండి రావలసినదే.

మన మిద్దెపై ఎండ మనది; దానికి సుంకము లేదు, ఓడకూలి లేదు. సౌరయంత్రమునకు మొదటి వెల హెచ్చే. కాని దానిపై పన్ను సిమెంటుపన్ను తగ్గిన దినముననే 12నుండి 5కు దిగినది. ముసురుదినములలో అది చాలదని యందురు. నిజమే, ఆ కొలదిదినములకు విద్యుత్తు తోడుండవచ్చును. బోరునీరు ఉప్పన గలచోట పెచ్చు కట్టును గనుక గొట్టములను అప్పుడప్పుడు శుభ్రపరచవలెను. మిద్దెపై హక్కులేని అంతస్తుల నివాసులు పలువురు కలిసి గాలినుండి వేడిని లాగు హీటుపంపును పెట్టుకొనవచ్చును. అది గీజరు వాడు విద్యుత్తులో రమారమి మూడవవంతుతో అంత వేడి నిచ్చును.

యంత్రము కొనుటకు నేడు సొమ్ములేనివారు సయితము ఒక పని చేయవలెను. పూతపని కాకమునుపే మిద్దెనుండి స్నానపుగదికి వేడినీటి గొట్టమును, వేడి పోకుండ తొడుగుతో, వేయించుకొనవలెను. తరువాత గోడ పగులగొట్టిన, గొట్టము వెలకంటె మరమ్మతు వెల మించును.

ఇండ్లపనిపై పుట్టిన వ్యాజ్యములను పెక్కింటిని న్యాయస్థానములలో చూచితిని. వాటిలో తరచుగా కనబడు కారణము, నోటిమాటగా విడిచిన పద్దు. కావున గొట్టము, ఎర్తు, కిటికీ, ఈ మూడింటిని ఒప్పందపత్రమున వ్రాయించి, కంట్రాక్టుదారునిచే చేవ్రాలు చేయించుకొనుడు. ఇంటిసొగసు ఆలస్యమైనను నష్టములేదు. ఇంటివారి ప్రాణరక్షణ ఆలస్యము కారాదు.